పన్నెండో తలుపు

బెల్లంపల్లిలో మా క్వార్టర్ల వరుసను కూలగొడతారని నోటీసు వచ్చిన రోజు నుంచి నాకు ఒళ్లు మండుతూనే ఉంది. మొత్తం పన్నెండు ఇళ్లు. గని మూతపడ్డాక ఒక్కొక్కరే వెళ్లిపోయి ఏడింటికి తాళాలు పడ్డాయి. రిటైరైన మా బాపు మాత్రం ఆ నోటీసు మడిచి కిటికీలో పెట్టి, నిమ్మళంగా చాయ్ తాగాడు. ఆ నిమ్మళం చూస్తే నాకు ఇంకా కోపం.

నా దగ్గర రీలు వేసి తీసే ప్లాస్టిక్ కెమెరా ఒకటి ఉంది. రీలుకు పన్నెండు ఫొటోలు. ఒక్కో తలుపుకు ఒక్కోటి తీస్తూ పోయి, రీలు కత్తిరించకుండా కడిగిస్తే, వరుస మొత్తం ఒకే పొడవాటి ఫొటో అవుతుంది. మీట తిప్పి, వెనక ఎర్ర అద్దంలో తర్వాతి అంకె రాగానే మనమే ఆపాలి. అది తనంతట తాను ఆగదు. ఏడు తాళాలూ కనిపించాలి, చూసినవాళ్లు సిగ్గుపడాలి. అదీ నా పంతం.

ఉన్నవాళ్లు ఎవరి తలుపు ముందు వాళ్లు నిలబడ్డారు. మూడో ఇంటికి తాళం. నేను కెమెరా ఎత్తేసరికి బాపు వచ్చి ఆ గడప ముందు నిలబడ్డాడు. జరగమంటే జరగలేదు. అయిదో ఇంటి దగ్గరా ఆయనే, ఆరో ఇంటి దగ్గరా ఆయనే, చొక్కా సవరించుకుంటూ. తొమ్మిదో ఇంటి తాళం దగ్గరికీ వచ్చేసరికి వాడకట్టంతా వినేలా అరిచాను.

"నీకెట్లాగు కోపం రాదు. నాకు గూడ రానియ్యవా బాపూ?"

ఆయన గొంతు పెంచలేదు.

"గీ ఇంటాయన ఇన్నేండ్లు నాతోని గనిల దిగిండు. ఆయన జాగల తాళం కనవడుడేంది బిడ్డా?"

నేను ఇంకా అరిచాను. అరుస్తూనే మీట తిప్పాను, అంకె చూడలేదు.

పదకొండో తలుపు ఫొటో తీశాక ఎంత తిప్పినా అంకె రాలేదు. రీలు అయిపోయింది. పన్నెండోది మాది. పొద్దుటి నుంచీ మా అవ్వ, అంటే అమ్మ, కొత్త చీర కట్టుకుని గడపలో ఎదురుచూస్తోంది. బాపు వెళ్లి పక్కన చేరాడు. ఫోన్‌తో ఒకటి తీసినా సరిపోయేది. కానీ అంతలా అరిచి, తప్పు నాదేనని ఎలా చెప్పను? ఖాళీ కెమెరానే నొక్కాను. కళ్లు మూశానా అని అవ్వ అడిగింది. లేదన్నాను.

ఇప్పుడు ఆ వరుస లేదు. ఫొటో మంచిర్యాలలో మా అద్దె ఇంటి గోడ మీద ఉంది. ఎనిమిదో తలుపుకూ తొమ్మిదో తలుపుకూ నడుమ నల్లటి ఖాళీ. నేను అంకె చూడకుండా తిప్పేసిన చోటు అది. మా తలుపు లేదు. కెమెరా చెడిపోయిందని చెప్తే ఇద్దరూ నమ్మారు.

చుట్టాలు వచ్చినప్పుడల్లా బాపు ఆ ఫొటో చూపిస్తాడు.

"మా బిడ్డ మంచిగనే తీసింది. గా కెమెరనే దొంగది."

ఎన్నడూ కోపం రాని మనిషి ఆ కెమెరాను తిట్టే తిట్లు వినలేక నేను లోపలికి పోతాను. అవన్నీ నాకు తగలాల్సినవి.