నాడె కత్తి మీద పడిన నింద

మా అక్క మొగుడు, నాకు బావ, రెండు వారాల కింద, సోమవారం పొద్దున, భివండి టెంఘర్‌లో తన ఇంటి ముందర కుర్చీలో కూర్చున్నట్టే పోయాడు. కబురు తెచ్చిన మా అక్క కోడలు ఏడవలేదు. "చిన్నత్తమ్మా, మామ లేస్తలేడు, నువ్వొచ్చి లేపు" అంది. నేను వెళ్లేసరికి ఆయన కుడిచెయ్యి ఒళ్లో వెల్లకిలా ఉంది. ముఖం కన్నా ముందు నేను ఆ చెయ్యే చూశాను. మనిషిని చేతితో మొదలుపెట్టి చూడాలని నాకు నేర్పింది ఆయనే.

ఆ రోజు వాకిట్లో జనం నిండారు. ఒకాయన చెప్పులు విడుస్తూ పక్కాయనతో అన్నాడు: "ఎవలు, మొండి కత్తుల మిస్త్రీనా? గా మరియమ్మ తొడ కోసిన కత్తి ఈయన జేసిందే గద." నేను విన్నాను. మా అక్క కూడా విని తల దించుకుంది. పన్నెండేళ్లుగా ఆమె ఆ మాటకు తల దించుకుంటూనే ఉంది.

అందుకే ఇది రాయిస్తున్నాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే నా మనుమరాలు రాస్తోంది. నా మాటలకు కొంచెం ఇస్త్రీ చేస్తోంది, చేయనివ్వండి. ఒక్క మాట మాత్రం కదపొద్దని చెప్పాను. మరియమ్మను కోసింది మా బావ కత్తి కాదు. నేను వేసిన ముడి. భివండిలో ఉన్న మనవాళ్లందరూ ఇది చదివి, చదవరానివాళ్లకు చదివి వినిపించాలి.

మా బావ సాంచాల మిస్త్రీ. మరమగ్గాన్ని మేము సాంచా అంటాం. ఎక్కడ సాంచా ఆగినా ఆయనను పిలుచుకుపోయేవారు. ఇంటికి ఎవరు వచ్చినా బాగున్నావా అని అడిగేవాడు కాదు, "చెయ్యి సూపు" అనేవాడు. తిప్పి చూసి ఎక్కడ కాయ కాసిందో, ఎక్కడ కోసుకుపోయిందో పట్టుకునేవాడు. ఏ పనిముట్టు ఆ మనిషిని బాధపెడుతోందో చెప్పేవాడు. నా పెళ్లిచూపుల్లో మా ఆయన చెయ్యి కూడా అట్లాగే తిప్పి చూసి, "పని జేసే చెయ్యే, పిల్లనియ్యొచ్చు" అన్నాడు. ఆ ఒక్కసారి ఆయన లెక్క సగమే నిజమైంది.

సాంచాలు ఒక్కొక్కటిగా మూతపడుతున్న కాలంలో మా ఆడవాళ్లకు కండెలకు నూలు చుట్టే పని పోయింది. అంజూర్ ఫాటా వైపు గోదాములు లేస్తున్నాయి. అక్కడికి పోయాం. ట్రక్కుల్లోంచి అట్టపెట్టెలు దిగుతాయి. టేపు కోసి, సరుకు తీసి, ఏ దుకాణానికి పోయేది ఆ పెట్టెలో సర్దాలి. చేతికి ఒక ప్లాస్టిక్ కట్టర్ ఇచ్చేవారు. దాని బ్లేడు నాలుక బయటపెట్టుకున్నట్టు ఎప్పుడూ బయటే ఉండేది. మాలో కోసుకోని ఆడది లేదు. తెగిన చోట పసుపు అద్ది, పైన ఆ పెట్టెల టేపే చుట్టుకుని మళ్లీ పనిలో పడేవాళ్లం.

ఒక ఆదివారం అట్లా టేపు చుట్టిన వేలుతో అక్క ఇంటికి పోయాను.

"ఎట్ల తెగింది?" అన్నాడు బావ.

"కట్టర్ జారింది."

"అది ఊకె జారదు పిల్లా. ఎటు పోయిందో నువ్వు జేసి సూపు."

సందు చివరి దుకాణం నుంచి ఖాళీ పెట్టెలు తెచ్చి, వాటికి మళ్లీ టేపు వేశాడు. కట్టర్‌కు బదులు నా చేతికి ఒక బొగ్గుముక్క ఇచ్చాడు. గోదాములో ఎట్లా చేస్తానో అట్లాగే చెయ్యమన్నాడు. నేను ఒక పది పెట్టెలు బొగ్గుతో కోశాను. తరువాత మా అక్క వైపు తిరిగి, "ఇగ నువ్వు తిట్టు" అన్నాడు.

"నేనెందుకు తిట్టాలె?"

"గోదాంల ఎవడో ఒకడు తిడుతనే ఉంటడు గద. తిట్లు తినుకుంట కోస్తె ఎట్లుంటదో సూడాలె."

ఆ పని మా అక్కకు కొత్త కాదు. నాతో మొదలుపెట్టి మా అత్తగారి వంశం దాకా పోయింది. నేను నవ్వుతూ, ఉడుక్కుంటూ ఇంకో పది పెట్టెలు కోశాను. చూసుకుంటే ఎడమ అరచెయ్యి, ముంజెయ్యి, నడుము దగ్గర చీర అంతా బొగ్గుగీతలే. "నా చెల్లెను బొగ్గులమ్మే దాన్ని జేసినవ్" అంది అక్క.

ఆయన నవ్వలేదు. ఒక్కొక్క గీతను వేలితో తాకుతూ చూశాడు. "కోసేటప్పుడు ఒక్కటి వడలె. అన్నీ కోసుడు అయిపోయినంకనే వడ్డయి. టేపు అయిపోతది, చేతుల జోరు అయిపోదు. గప్పుడొకటి. కట్టర్ రొంటిల చెక్కుకునేటప్పుడొకటి" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. అది నేను మరిచిపోలేదు. "నిమ్మళంగ ఉన్నోనికి ఏ కత్తయినా నడుస్తది. తొందరల ఉన్నోనికి, తిట్లు తిన్నోనికి జెయ్యాలె కత్తి."

నెల రోజులకు చేశాడు. సాంచాలో పోగును అటూ ఇటూ మోసుకుపోయే నాడె ఉంటుంది కదా, పడవ లాంటి కొయ్య. అరిగిపోయి పారేసిన నాడెలను సగానికి కోసి పిడి చేశాడు. ఏళ్ల తరబడి పోగుల మధ్య తిరిగి ఆ కొయ్య పసిపిల్ల చెంపలా నునుపు తేలి ఉంటుంది. కండె కూర్చునే గుంటలో బ్లేడు పెట్టాడు. పక్కన ఒక మీట. బొటనవేలితో మీట నొక్కితే బ్లేడు అట్ట మందం అంతే బయటికి వస్తుంది. వదిలితే స్ప్రింగు లోపలికి లాగేసుకుంటుంది. నాడె కత్తి అన్నాం దాన్ని.

గోదాములో సూపర్‌వైజర్ ముందు ఒప్పుకోలేదు. నేను కొట్లాడాను. నా నోటికి భయపడి ఒప్పుకున్నాడనే అనుకోండి. మా వరుసలో ఆడవాళ్లందరికీ బావ కత్తులు వచ్చాయి. కోతలు ఆగిపోయాయి. కొన్నాళ్లకు చూడకుండానే కత్తిని రొంటిలో చెక్కుకునే అలవాటు అందరికీ అయింది. అది మూసుకునే ఉంటుందని చేతికి నమ్మకం కుదిరింది.

అయితే రోజంతా మీట నొక్కీ నొక్కీ నా బొటనవేలు వాచింది. బావకు ఒక్క మాట చెబితే అయిపోయేది. చెప్పలేదు. ఇదే మంచి కత్తి అని ఊరంతా చెప్పింది నేను. నొప్పి పెడుతోందని ఏ నోటితో చెప్పను? మేము నేతవాళ్లం. తెగిన పోగును ఒక్క చేత్తో, కన్ను మూసి తెరిచేలోపు అతకగలం. ఒక పోగు తీసి, మీట నొక్కి పట్టి, చుట్టి, తెగిన పోగుకు వేసే ముడి వేశాను. కొసలు పంటితో కొరికేశాను. ముడి ఆవగింజంత కూడా లేదు. సూపర్‌వైజర్ కళ్లజోడు పెట్టుకుని చూసినా కనబడదు. బ్లేడు బయటే నిలిచింది. వేలికి హాయి. నన్ను చూసి ఇంకో నలుగురు నాతో కట్టించుకున్నారు.

మరియమ్మ మా సందులో మనిషే, నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన క్రైస్తవుల ఇల్లు. నా పక్కనే పని చేసేది. ఆమె నాతో కట్టించుకోలేదు, ఆమెకు ఈ సంగతే తెలియదు. ఒక మధ్యాహ్నం నేను మంచినీళ్లకు పోతూ నా కత్తిని పెట్టె మీద పెట్టిపోయాను. ఆమె కత్తి దూరంగా ఉంది. నాది తీసుకుంది. పెట్టె కోసి, అలవాటుగా రొంటిలో చెక్కుకుని, అన్నం డబ్బా విప్పడానికి కింద కూర్చుంది.

ఆ కేక నేను నీళ్ల దగ్గర విన్నాను. ఆటోలో దవాఖానాకు తీసుకుపోయాం. తొడలో నరం తెగిందన్నారు. మరియమ్మ కాలు ఇప్పటికీ కొంచెం ఈడుస్తుంది. గోదాం పని మానేసి ఇంట్లో చొక్కాలకు గుండీలు కుడుతోంది.

సూపర్‌వైజర్ కత్తులన్నీ గోనెసంచిలో వేయించి మా బావ గుమ్మం ముందు కుమ్మరించాడు. "మిస్త్రీ, లే జావ్ అప్నా కచరా" అన్నాడు. నీ చెత్త నువ్వే తీసుకుపో అని. కత్తికి ఎవరైనా ఏదైనా చేసినట్టు తెలిస్తే వాళ్లను ఆ పూటే పనిలోంచి తీసేస్తానని కూడా అన్నాడు.

మర్నాడు పొద్దున నేను పోయేసరికి బావ ఆ కత్తులను ఒక్కొక్కటిగా విప్పి చూస్తున్నాడు. ఒక కత్తి దగ్గర చెయ్యి ఆగింది. వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. నాది ఎడమచేతి వాటం. నా ముడి అందరి ముడిలా కాక అవతలి దిక్కుకు తిరుగుతుంది. కండెలు చుట్టిన రోజుల నుంచి అది మా వాళ్లందరికీ తెలుసు. ఆయన నా ముఖం వైపు చూడలేదు.

"చెయ్యి సూపు" అన్నాడు.

చూపించాను.

"బొటనేలు ఎప్పటిసంది వాచింది?"

"పది దినాలైంది."

"నాకు జెప్పాలె గద పిల్లా."

అంతే అన్నాడు. ముడి కోసి, పోగు జేబులో వేసుకున్నాడు. మిగతా నాలుగు ముడులూ కోశాడు. గోదాముకు పోయి అందరి ముందు సూపర్‌వైజర్‌తో, "స్ప్రింగు వట్టుకపోయింది సాబ్. గల్తీ నాదే" అన్నాడు. నేను అక్కడే, ఆయనకు నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. ఊరందరి మీదా లేచే నా నోరు ఆ రోజు లేవలేదు.

తిరిగి వస్తూ దారిలో అడిగాను. "అబద్ధం ఎందుకు జెప్పినవ్ బావా?"

"అబద్ధమేముంది? నొప్పి వెట్టిందనే కట్టిండ్రు. నొప్పి వెట్టింది నా కత్తే గద. మీకు కట్టేసే తెలివి ఉంటదని నాకు తెల్వదా? నేతోళ్లకు కత్తి జేసుకుంట ముడి సంగతి మర్చిన."

ఆ మాటను పట్టుకుని నన్ను నేను విడిపించుకోవచ్చు. పన్నెండేళ్లు విడిపించుకున్నాను కూడా. ఆ మాట ఆయన పెద్దమనసు, నాకు రాసిచ్చిన మాఫీ కాదు.

ఆయన మరియమ్మ ఇంటికి పోయి గడప బయట నిలబడి తప్పు నాదమ్మా అన్నాడు. మంచం మీది నుంచే ఆమె అంది: "నీ కత్తి ఎవల మీద సూస్తున్నవ్ మిస్త్రీ? నీ పెండ్లాం మీద సూస్కో పో." ఆయన వచ్చేశాడు. మళ్లీ మొదటి నుంచి కత్తి చేయడం మొదలుపెట్టాడు. ఈసారి మీట లేదు, స్ప్రింగు లేదు. పిట్టముక్కులా వంగిన కొయ్య, దాని లోపల సన్నని సందు, సందు లోతులో బ్లేడు. టేపు, అట్ట దూరతాయి, వేలు దూరదు. కట్టడానికి ఏమీ లేదు. ఎంత తెలివైన చెయ్యి అయినా దాన్ని పాడుచేయలేదు. దాన్ని చేయడానికి రెండేళ్లు పట్టింది. గోదాములవాళ్లు ముట్టుకోలేదు. "మరియమ్మ కత్తి వద్దు మిస్త్రీ" అని నవ్వేవారు. కిరాణా కొట్లవాళ్లు, మందుల షాపులవాళ్లు కొందరు తీసుకున్నారు. బ్లేడు కనబడదు కాబట్టి మొండి కత్తి అని పేరు పెట్టారు. ఆ పేరే ఆయనకూ మిగిలింది. ఒక్కరోజు కూడా, నా మీద కోపం వచ్చిన రోజు కూడా, ఆ ముడి మాట ఆయన నోట రాలేదు.

ఆయన పోయిన మూడో రోజున అక్క ఆయన చొక్కాలు మడతపెడుతుంటే చెప్పాను. "అక్కా, మరియమ్మను కోసిన కత్తికి ముడి ఏసింది నేనే. బావకు తెలుసు."

అక్క చేతిలోని చొక్కా మడత పూర్తి చేసి పక్కన పెట్టింది. "ఆయన జెప్పలే. నువ్వు జెప్పలే. నల్లా కాడ నేను తల దించుకుంటుంటె ఇద్దరు సూసుకుంట కూసున్నరు."

"అవునక్కా."

"నా ముంగట ఏడ్వకు. పోయి ఆమెకు జెప్పు."

మరియమ్మ గుండీలు కుడుతోంది. నేను చెబుతున్నంతసేపూ సూది ఆగలేదు. అయ్యాక అడిగింది. "దవాఖానల రెండు దినాలు నా పక్కన కూసున్నవ్."

"కూసున్న."

"అన్నం తినవెట్టినవ్."

"పెట్టిన."

"గప్పుడు సుత జెప్పలే."

ఆమె దారం తెంపి, "మిస్త్రీని గడప తొక్కనియ్యకపోతి" అంది. అది నాతో అన్న మాట కాదు. తరువాత నన్ను పొమ్మంది.

పదకొండో రోజు దినం. భోజనాలకు విస్తళ్లు, గ్లాసులు పెట్టెల్లో వచ్చాయి. టేపు గట్టిగా ఉంది, ఎవరో తాళంచెవితో గీకుతున్నారు. అప్పుడు కాలు ఈడ్చుకుంటూ మరియమ్మ వచ్చింది. ఎవరూ పిలవలేదు. నా వైపు చూడలేదు. అక్క ముందు నిలబడి, "మిస్త్రీ జేసిన కత్తి ఉన్నదా వదినా?" అంది.

అక్క లోపలి నుంచి ఒక పిట్టముక్కు కత్తి తెచ్చి ఇచ్చింది. మరియమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. కొయ్య సందు మీద తన బొటనవేలు పెట్టి నొక్కింది. ఇంకా గట్టిగా నొక్కింది, నేను కళ్లు మూసుకునేంత. వేలు తీసి చూసుకుంది. తోలు మీద సన్నని తెల్లగీత పడింది, నెత్తురు లేదు. మేము ముగ్గురం ఆ గీత మాసిపోయి వేలు మళ్లీ మామూలు రంగుకు వచ్చేదాకా చూస్తూ నిలబడ్డాం.