అక్క కాళ్ళలో కరెంటు

మొన్న పలాసలో అక్క కూతురి ఇంటికి వెళ్ళాను. దాని కూతురు పురిటికి వచ్చి ఉంది. పసిదానికి నీళ్ళు పోయడానికి ఆన్‌లైన్లో తెప్పించిన గులాబీరంగు ప్లాస్టిక్ టబ్బు ముందుగదిలో కనిపించింది. డెబ్బై దాటిన మా అక్క మాత్రం ఎవరూ పిలవకుండానే పెరట్లో పీట వేసుకుని, చీర మోకాళ్ళపైకి ఎగదోపి, కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఎవరూ అటు చూడలేదు. అసలే కుదురు లేని మనిషినేమో, లోపలికీ పెరట్లోకీ తిరుగుతూనే ఉన్నాను. ఆ కాళ్ళ సంగతి ఆ బాలింతరాలికి తెలియదు మరి.

జీడిపిక్కలు కొట్టే చేతులు ఎలా ఉంటాయో మా తరం పలాస ఆడవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. సొన పడితే తోలు ఊడుతుంది, మచ్చ మిగులుతుంది. అక్క పెళ్ళికి ముందునుంచీ జీడి ఫ్యాక్టరీలో పనిచేసింది, నా టీచరు ట్రైనింగు ఆ చేతుల చలవే. అందుకని తొడల మీదా మోకాళ్ళ కిందా ఎర్రటి మచ్చలు లేచి దురద పెడితే, జీడే అనుకున్నాం. పిక్కలు కొట్టినోల్ల పిక్కల మీద మచ్చలుండవేటని మా బావ వేళాకోళం కూడానూ. కొబ్బరినూనె రాశాం, పసుపు రాశాం, కనపడ్డ ట్యూబల్లా రాశాం. మా ఉద్దానంలో జబ్బనగానే ముందు కిడ్నీ గుర్తొస్తుంది కనుక రక్తపరీక్ష చేయించి, కిడ్నీలు బాగున్నాయనగానే మిఠాయి తెచ్చుకుని తిన్నాం. పని మానేసినా మచ్చలు పెరుగుతుంటే అప్పుడు విశాఖ తీసుకెళ్ళాను. చిన్న ముక్క తీసి పరీక్షించి, చర్మంలో పుట్టే లింఫోమా, ఒక రకం క్యాన్సరు, రేడియేషన్ ఇవ్వాలి అన్నారు.

సరిగ్గా అప్పుడే అక్క కూతురు ఆడపిల్లను కన్నది. అక్క వియ్యపురాలు గుమ్మంలోనే తేల్చేసింది.

"ఆ మచ్చలు అంటుకుంతాయేటో వదినా, పాపని ముట్టుకోకు."

పొరుగింటావిడ నీళ్ళు పోస్తుంటే, అక్క దూరంగా నిలబడి మెడ కింద చెయ్యి పెట్టమని చెబుతూ, తన తొడలు తాను రక్కుకునేది. చూడలేక నేను వీధిలోకి వెళ్ళిపోయేదాన్ని.

మా వైపు రేడియేషన్ అనరు, కరెంటు పెట్టడం అంటారు. ఆ మాటే కొంప ముంచింది. విశాఖలో ఆసుపత్రి దగ్గర గది తీసుకుని వారాల తరబడి ఉన్నాం. కాళ్ళ మీద సిరాతో గీతలు గీశారు, అవి చెరగకూడదు, గోకకూడదు. క్షణం చేతులు ఊరుకోని మనిషి బల్ల మీద కదలకుండా పడుకోవాలి. నిమిషాల పనే అయినా తలుపు బయట నాకు కాలు నిలిచేది కాదు. అక్క పోతుందేమోనని నా భయం, దాని భయం వేరు.

"ఆ కరెంటు ఒంట్లో ఉండిపోద్ది సెల్లీ, పాపకి కొట్టేత్తాది" అనేది.

చివరిరోజున డాక్టరుగారిని కూడా అదే అడిగింది. మిషను ఆపాక ఒంట్లో ఏమీ మిగలదనీ, జబ్బు అంటుకునేది కాదనీ, చర్మం మానాక పిల్లను నిక్షేపంగా కాళ్ళ మీద వేసుకోవచ్చనీ ఆయన ఓపిగ్గా చెప్పారు. అక్క తలూపింది గానీ నమ్మలేదు.

ఇంటికొచ్చాం. తోలు నల్లబడి, పొట్టు రాలి, కొత్త చర్మం వచ్చింది. అయినా అక్క పాప ఛాయలకు పోలేదు. అప్పుడు మా బావ కరెంటు పనికి వాడే టెస్టర్ పట్టుకొచ్చి, వియ్యపురాలిని కూడా పిలిచి, ముందు ప్లగ్గులో పెట్టి ఎర్రదీపం వెలిగించి చూపించాడు. తర్వాత అక్క కాలికి ఆనించాడు. వెలగలేదు.

"సూశారా, కరెంటు నేదు" అన్నాడు.

టీచర్ని కదా, అది పరీక్షా బావా అని అనబోయి, అక్క ముఖం చూసి నోరు మూసుకున్నాను.

"రెండో కాలికి కూడా ఎట్టు" అంది అక్క.

అదీ వెలగలేదు. కూతురు బిడ్డను తెచ్చి తల్లి కాళ్ళ మీద పడుకోబెట్టింది. అక్క నీళ్ళు పోస్తూ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. తర్వాత ఒకటి రెండుసార్లు మచ్చ తిరగబెట్టినా, వైద్యానికి లొంగింది.

ఆనాటి పాపే ఇవాళ్టి బాలింతరాలు. టబ్బులో నీళ్ళు నింపించి పెరట్లోకి తొంగిచూసింది.

"లే అమ్మమ్మా, నీ కాళ్ళు నొప్పెడతాయి, టబ్బుంది కదా" అంది ప్రేమగానే.

అక్క మెల్లగా కాళ్ళు ముడుచుకుంది.

"దానికి టెస్టర్ ఎట్టి సూశారేటే?" అంది.

ఆ పిల్ల ఏమీ అర్థం కాక నవ్వేసి లోపలికి వెళ్ళింది. బావా వియ్యపురాలూ ఎప్పుడో పోయారు, అక్క కూతురు వంటింట్లో ఉంది. నవ్వాల్సినదాన్ని నేనే, నాకేమో నవ్వు రాలేదు. టబ్బు సుఖమైనదే, నేను కాదనను. కానీ మా రోజుల్లో బిడ్డకు నీళ్ళు పోయాలంటే ఒక మనిషి కాళ్ళు కావలసి వచ్చేవి, ఆ కాళ్ళు దక్కించుకోవడానికే మా అక్క అన్ని వారాలు ఆ బల్ల మీద కదలకుండా పడుకుంది. ఇప్పటికీ ఆ కాళ్ళు బాగానే ఉన్నాయి.