బావ జేబులోని పేరు లేని బిళ్ళలు

మా అక్కను చేసుకున్నది మా మేనత్త కొడుకే. అంటే ఆయన నాకు రెండు వైపుల నుంచీ బావ. వేళాకోళం చేసే హక్కు కూడా నాకు రెండింతలే. ఆయనది దివిసీమలో వ్యవసాయం. నలభై ఏళ్ళుగా వరి పండిస్తున్న మనిషికి వరి దుమ్ము పడదు. ఏటా నూర్పిళ్ళు మొదలవగానే తుమ్ములు మొదలవుతాయి.

1998 డిసెంబరు, రెండో మంగళవారం. మర్నాడు గుడివాడలో మా చిన్నాన్న కూతురి గృహప్రవేశం. ఇంటి దగ్గర కూలీలకు వండిపెట్టాలని అక్క ఆగిపోయింది. బావ ఒక్కడే సాయంత్రం ఐదుంపావుకు బందరులో మా ఇంటికి వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విప్పేలోపు పదకొండు తుమ్ములు. లెక్కపెట్టడం నాకు అలవాటు. గ్యాస్ బండ మార్చిన తేదీ కూడా క్యాలెండరు మీద రాసుకుంటాను.

"ఇంకొక్కటి తుమ్ము బావా, డజను పూర్తవుతుంది."

"నీ లెక్క కోసమే దాచి ఉంచానే మరదలా," అంటూ పన్నెండోదీ తుమ్మాడు.

మా ఇంట్లో మందులు బిస్కెట్ డబ్బాలో ఉంటాయి. ముక్కలుగా కత్తిరించిన బిళ్ళలు నేను తీసుకోను. పట్టీ మొత్తం కొంటాను, కొన్న తేదీ వెనక రాస్తాను. ఆ రాత్రి కూడా గడువు తేదీ చూశాకే ఆయనకు జలుబు బిళ్ళ ఇచ్చాను. పొద్దున్నే కాఫీతో ఇంకొకటి ఇచ్చాను. పేరు కింద చిన్న అక్షరాల్లో నాలుగు వరసలుంటాయి, బిళ్ళలో ఏమేం కలిపారో చెప్పేవి. గడువు చదివాను గాని వాటిని చదవలేదు. అప్పటికే ఏమైనా వేసుకున్నావా అని బావను అడగనూ లేదు.

గుడివాడ బస్సులో బావ ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా పక్కాయన భుజం మీద నిద్రపోయాడు. "పిల్లనిచ్చిన మామ భుజం మీద కూడా ఇంత హాయిగా పడుకోలేదు నువ్వు," అన్నాను. ఎప్పుడూ మాటకు మాట అనే మనిషి ఊరికే నవ్వాడు.

గృహప్రవేశం ఇంట్లో ఆయన మాటిమాటికీ దొడ్లోకి వెళ్ళి వస్తున్నాడు. వంటపొయ్యి దగ్గర కూర్చున్న నాకు ఆ దారి కనబడుతూనే ఉంది. భోజనాల వేళకు అందరిలోనూ గట్టిగా అడిగాను: "పొద్దుటినుంచీ ఆరుసార్లు వెళ్ళొచ్చావు, దొడ్లో ఏం పాతిపెట్టావు బావా?"

పంక్తి పంక్తంతా నవ్వింది. బావా నవ్వాడు. కానీ విస్తట్లో పప్పు కలపనే లేదు. మజ్జిగ పోయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. డిసెంబరు నెలలో నుదుటి మీద చెమట. ఆరుసార్లు వెళ్ళిన మనిషి ఏ ఒక్కసారీ తేలిగ్గా తిరిగి రాలేదని అప్పుడు తట్టింది నాకు.

మావారిని పక్కకు పిలిచి, ఏమిటో కనుక్కోమన్నాను. రెండు నిమిషాల్లో తిరిగొచ్చారు.

"రాత్రి నుంచి ఒంటేలు రావడం లేదుట. పొత్తికడుపు రాయిలా ఉంది. నీకు మాత్రం చెప్పొద్దన్నాడు."

"నాకెందుకు చెప్పకూడదుట?"

"చెబితే నువ్వు బతికినంతకాలం వదలవుట."

నాకు ఆ మాటకు నవ్వు రాలేదు. రిక్షా పిలిచి దగ్గర్లో ఉన్న డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన ముందు కడుపు నొక్కి చూశారు, తరువాత ఏం మందులు వాడుతున్నారని అడిగారు. బావ చొక్కా జేబులోంచి నాలుగు ముక్కలు తీసి బల్ల మీద పెట్టాడు. వాళ్ళ ఊరి మందుల షాపువాడు పట్టీలోంచి కత్తిరించి ఇచ్చిన బిళ్ళలు. ఒక్కదాని మీదా పేరు లేదు.

"ఇవేమిటండీ?"

"పసుపువండి," అన్నాడు బావ.

"రంగు నాకూ కనబడుతోందండీ. రోజుకు ఎన్ని?"

"పూటకొకటి. తుమ్ములెక్కువైతే మధ్యలో ఇంకోటి."

రాత్రి ఎనిమిదిన్నరకు ఒకటి, పొద్దున ఆరింటికి ఒకటి నేనిచ్చానని, బస్సులో దారంతా బావ నిద్రపోయాడని చెప్పాను. నావి తెల్లవి. సంచీలో ఉన్న పట్టీ ఇచ్చాను. డాక్టరు గారు కళ్ళజోడు పైకి జరిపి, నేను చదవని ఆ నాలుగు వరసలూ చదివారు.

"పసుపువి ఏమిటో పేరు లేకుండా నేను చెప్పలేను. జలుబుకిచ్చినవంటే చాలావరకు ఇలాంటివే అయ్యుంటాయి. రంగు వేరైతే మందు వేరనుకోకండి. ఇందులో తుమ్ములు ఆపేది, ముక్కు దిబ్బడ తీసేది, జ్వరం మందు, మూడూ కలిసున్నాయి. రెండు రకాలు కలిపి వేసుకుంటే ఒకే మందు రెండింతలు పడుతుంది. జ్వరం మందు మితి మీరితే కాలేయానికి దెబ్బ. బస్సులో నిద్ర వచ్చిందీ వీటివల్లే. బండి నడిపి ఉంటే? ఇంతకీ ఒంటేలుకి ఇదివరకు ఇబ్బంది ఉండేదా?"

బావ గోడకేసి చూస్తూ, రెండేళ్ళుగా ధార సన్నబడిందన్నాడు. అక్కకు కూడా తెలియదుట. ప్రోస్టేట్ వాచినవాళ్ళకు ఈ బిళ్ళలు దారి మూసేస్తాయని, బీపీ ఉన్నవాళ్ళకూ మంచివి కావని డాక్టరు గారు చెప్పారు. తరువాత నన్ను బయటికి పంపి గొట్టం వేశారు. కాసేపటికి లోపల్నుంచి బావ నిట్టూర్పు బయటి బల్ల దాకా వినబడింది. ఇంకొంచెం ఆలస్యమైతే మూత్రపిండాల దాకా వెళ్ళేదన్నారు.

తుమ్ములూ లెక్కపెట్టాను, దొడ్లోకి వెళ్ళినవీ లెక్కపెట్టాను. లెక్కపెట్టవలసిన బిళ్ళలను మాత్రం పెట్టలేదు. పైగా నా నోటికి జడిసి ఆ మనిషి కడుపు పట్టుకు కూర్చున్నాడు.

ఆ వారమే డబ్బా మూతకు లోపలివైపు ఒక కాగితం అంటించాను. ఇప్పటికే ఏం వేసుకున్నావు, బీపీ ఉందా, ఒంటేలు సరిగా అవుతుందా, బండి నడపాలా. ఈ నాలుగూ అడగనిదే ఎవరికీ బిళ్ళ ఇవ్వను. అనుమానమొస్తే డాక్టరునే అడగమంటాను. బందరులో మా షాపువాడికి నా పోరు పడలేక, ఎవరికి కత్తిరించినా పేరు రాసిన చీటీలో చుట్టి ఇవ్వడం అలవాటైంది.

ఆ మరుసటి ఏడు నూర్పిళ్ళకు బావ ముక్కుకు తువ్వాలు చుట్టుకున్నాడు, తన జబ్బు తెలిసిన డాక్టరు రాసిన మందు వేసుకున్నాడు. ఒకసారి పని మీద మా ఇంటికొచ్చినప్పుడు కాగితంలోని మూడో ప్రశ్న ఎలా అడగాలా అని తటపటాయిస్తున్నాను. ఆయనే దొడ్లోంచి వస్తూ, పదిమందీ ఉన్న వసారాలో చూపుడు వేలు పైకెత్తాడు.

"ఒకటి. సాఫీగా. రాసుకో మరదలా!"

క్యాలెండరు మీద నిజంగానే రాశాను.