గోడలో దాగిన దూలం కొస

మణుగూరు దగ్గర బొగ్గు గని విస్తరణ కోసం పాత క్వార్టర్లు కొన్ని కూల్చేస్తున్నారని తెలిసినప్పుడు నేను ఖమ్మంలో చిన్న ఇంజినీరింగ్ ఆఫీసు నడుపుతున్నాను. ఆఫీసంటే ఒక కిరాయి గది, ఒక కంప్యూటరు, నేను. ఆ గనికి అవతల ఒక అడవి పల్లెలో అంగన్‌వాడీ కట్టించే పని అప్పుడే చేతికొచ్చింది. కొత్త ఇటుక, కొత్త ఇనుము కొనే బదులు ఆ క్వార్టర్లలోంచి పనికొచ్చేవన్నీ తెచ్చి కడదామని చెప్పింది నేనే. గోడలకు సిమెంటు బదులు సున్నం, దూలాలకు బోల్టులు. ఎప్పుడైనా ఈ భవనం కూడా అక్కర్లేకపోతే విప్పి ఇంకోచోట వాడుకోవచ్చు. కాగితం మీద గీస్తున్నప్పుడు నాకు ఎంత ధైర్యమో!

సున్నంతో కట్టిన పాత గోడల్లో ఇటుకలు సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే చెక్కుచెదరకుండా ఊడొచ్చాయి. పల్లె ఆడవాళ్లు కూర్చుని వాటిని గీకి శుభ్రం చేశారు. తలుపులు, కిటికీలు, పెంకులు ట్రాక్టరులో వచ్చాయి. చివరికి దూలాలు. మాకు ఐదు కావాలి, సరైన పొడవున్నవి సరిగ్గా ఐదే దొరికాయి.

వాటిని చూడటానికి గని కాలనీలో ఉండే ఒక ముసలి వడ్రంగిని పిలిచాను. ఆయన ఒక్కో దూలాన్ని సుత్తితో తట్టి, చెవి ఆనించి విన్నాడు. మూడో దాని దగ్గర ఆగిపోయాడు. దాని మీద ఏళ్ల తరబడి వేసిన రంగు పొరలు పొరలుగా ఉంది. గోటితో గీకి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇది టేకు కాదు బిడ్డా. ఏదో వేరే కర్ర. నాకు మనసొప్పుతలేదు."

వానలు దగ్గర పడుతున్నాయి. ఇంకో దూలం కోసం వెతికే ఓపిక నాకు లేదు. లోపల పుచ్చిందేమో చూడటానికి బర్మాతో దాని మధ్యలో సన్నని రంధ్రం వేయించాను. గట్టి కర్ర పొట్టే వచ్చింది. ఎక్కించాక ఇసుక బస్తాలు పెట్టి ఒక రోజంతా ఉంచాం. గోరంత కిందికి వంగి, బస్తాలు తీసేయగానే మళ్ళీ లేచింది. "చూసినవా తాతా?" అన్నాను గెలిచినట్టు. ఆయన సుత్తి సంచిలో వేసుకున్నాడు. భవనం వాడుకోవచ్చనే కాగితం మీద నేను సంతకం పెట్టాను.

అంగన్‌వాడీ మొదలైంది. టీచర్ ఆ ఊరి మనిషే. పిల్లలతో వాళ్ల భాషలో, నాతో తెలుగులో మాట్లాడేది. మొదటి వానకు చుక్క కూడా కారలేదని ఫోన్ చేసి చెప్పింది కూడా. ఆషాఢం నడుస్తుండగా ఒక పొద్దున మళ్ళీ ఫోన్ చేసింది.

"మేడమ్, పైనుంచి పసుపు లెక్క పొడి రాలుతున్నది. పిల్లల పల్లాలల్ల పడుతున్నది. ఊడుస్తున్న, మళ్ళ పడుతున్నది."

"ఎక్కడ? ఏ పక్క?"

"గోడ పక్కకు. మూడోది."

"పిల్లల్ని జల్దీ బయటికి తీస్కపో టీచర్. ఒక్కల్ని కూడా లోపలుంచకు."

తల్లాడ మీదుగా మణుగూరు పోయే బస్సు ఎక్కాను. వాన పట్టుకుంది. అద్దం మీద నీళ్లు జారుతుంటే నాకు ఒకటే లెక్క: తడిసిన పెంకులు ఎంత బరువు పెరుగుతాయి? మళ్ళీ ఫోన్ చేస్తే కలవలేదు. అడవి మొదలయ్యాక సిగ్నల్ పూర్తిగా పోయింది. పక్క సీట్లో మిర్చి సంచితో కూర్చున్నావిడ "దవాఖానకా బిడ్డా?" అని అడిగింది. నా మొహం అలా ఉందన్నమాట.

దిగి బురదలో పరుగెత్తాను. దూరం నుంచే అంగన్‌వాడీ గుమ్మం ముందు చిన్న చెప్పులు వరసగా కనిపించాయి. తలుపు వేసి ఉంది. ఆ క్షణం నా గొంతులోంచి వచ్చిన అరుపు నాదేనని తర్వాత కూడా నమ్మలేకపోయాను. తలుపు నెట్టాను. లోపల ఎవరూ లేరు. చాపలు, పళ్ళాలు, పళ్ళాల మీద పొడి. అన్నిటి పైన ఆ దూలం, మామూలుగానే, ఏమీ ఎరగనట్టు.

"మేడమ్!" వెనక నుంచి టీచర్. "పిల్లల్ని మా ఇంట్ల కూసోబెట్టిన. చెప్పులు ఏసుకునే టైమ్ ఇయ్యలే నేను."

నేను బురదలోనే కూర్చుండిపోయాను. ఆమె నా రెక్క పట్టుకుని లేపి పిల్లల దగ్గరికి తీసుకుపోయింది.

మర్నాడు వడ్రంగి వచ్చాడు. కింద ఊతకర్రలు పెట్టి, పెంకులు దించి, బోల్టులు విప్పి ఆ ఒక్క దూలాన్నే బయటికి తీశాం. మిగతా కప్పు కదల్లేదు. దూలాన్ని నేల మీద పెట్టి కోస్తే నడిమి భాగం గట్టిగానే ఉంది. గోడలో కూర్చున్న కొస మాత్రం జానెడు పొడవున లోపలంతా పురుగు తొలిచి పిండి అయిపోయింది. బయట రంగు పొర, లోపల ఖాళీ. బరువంతా మోసేది ఆ కొసే. నేను రంధ్రం వేయించింది మధ్యలో.

"నేను గట్టిగ చెప్పాల్సుండె బిడ్డా," అన్నాడాయన.

సాయంత్రం తల్లులంతా వచ్చారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. వెనక నిలబడ్డ ఒక తల్లి, చంకలో పిల్లతో, ముందుకొచ్చింది.

"పట్నం పిల్లలకు కొత్త స్లాబులు, మా పిల్లలకు పాత కర్రనా మేడమ్?"

పాతదైనందుకు కాదు, కొస చూడనందుకు ఇలా అయిందని జవాబు నా దగ్గర ఉంది. అది నిజం కూడా. కానీ ఆ నిజం ఆమె ముందు చెప్పే అర్హత నాకు ఆ రోజు లేదు. "చూడకుండ సంతకం పెట్టిన. తప్పు నాదే," అన్నాను.

"అయితే అన్నిటి కొసలు మాకు చూపియ్యి."

చూపించాం. మిగిలిన నాలుగు దూలాల దగ్గరా గోడ విప్పాం. ఒక్కో ఇటుకా నేనే బయటికి లాగాను. అవి కూడా పుచ్చి ఉంటే? తల్లులు వంగి చూశారు, వేలితో గుచ్చి చూశారు. నాలుగూ గట్టివే. తీసేసిన మూడో దాని చోట, అవే క్వార్టర్లలో మిగిలిన ఇనుప గర్డరును తుప్పు గీకించి, మందం కొలిచి పెట్టించాను. కొసలు ఎప్పుడైనా తెరిచి చూసుకునేలా గోడకు చిన్న చిన్న చెక్క మూతలు బిగించాం.

అయినా నెల రోజులు పిల్లలెవరూ రాలేదు. నేను వారానికోసారి పోయి ఖాళీ గదిలో టీచర్‌తో కూర్చునేదాన్ని. ఒక రోజు ఇద్దరు వచ్చారు. తర్వాత ఆరుగురు. ఆ ప్రశ్న అడిగిన తల్లి అందరికన్నా ఆలస్యంగా వచ్చింది. పిల్లను దించే ముందు మూతలు ఒక్కొక్కటీ తీసి చూసింది. ఇప్పుడు కూడా నెలకోసారి చూస్తుందట.

నేను ఇప్పటికీ కూల్చిన ఇళ్లలోంచి తెచ్చిన సామానుతోనే కడుతున్నాను. ఆ పద్ధతి తప్పని నేను అనుకోవడం లేదు. కానీ సంతకం పెట్టే ముందు ప్రతి దూలం రెండు కొసలూ నేనే వేలితో గుచ్చి చూస్తాను.