శనివారం ఒక్కపొద్దు

2018లో నేను హైదరాబాద్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌ని. అవయవం ఇచ్చే కుటుంబానికీ, పుచ్చుకునే మనిషికీ, డాక్టర్లకూ మధ్య తిరిగే నర్సు ఉద్యోగం అది. మాది నార్కట్‌పల్లి. కోపం నాకు ముక్కు మీదే ఉంటుందని వార్డులో ఆయాలకు కూడా తెలుసు. మందుల దగ్గర ఆ కోపం నలుగురిని బతికిస్తుందని అప్పట్లో నా నమ్మకం.

ఆ వానాకాలంలోనే నర్సిములు వచ్చాడు. కోస్గి పక్క పల్లె. నలభై ఇంకా దాటలేదు. రాళ్ల క్రషర్‌లో ఏళ్ల తరబడి దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు రెండూ గట్టిపడ్డాయి. దాన్ని సిలికోసిస్ అంటారు. నయం చేసే మందు లేదు. ఆక్సిజన్ గొట్టం లేనిదే మంచం దిగలేడు. భార్య అంజమ్మ అన్నం కలిపి ముద్దలు పెట్టేది. రెండు ముద్దలు పెట్టి, ఆయాసం తగ్గేదాకా చెయ్యి అలాగే పట్టుకుని కూర్చునేది.

చాలా రోజులు ఎదురుచూశాక ఒక శనివారం బ్రెయిన్ డెడ్ అయిన ఒకాయన ఊపిరితిత్తులు సరిపోయాయి. రెండూ మార్చారు. వెంటిలేటర్ తీసేశాక, గొంతు బొంగురుగా ఉండగానే, నర్సిములు నన్ను దగ్గరికి పిలిచాడు.

"గీ ఊపిరి ఎవరిది సిస్టరమ్మా?"

"చెప్పొద్దన్నా. రూలు."

"ఊరన్న చెప్పు."

"పేరు చెప్ప, ఊరు చెప్ప. మళ్ల అడగకు."

"పోనీ, ఏ వారం పోయిండో గదన్న చెప్పు," అన్నాడు.

వారం చెబితే ఎవరి గుట్టూ బయటపడదు. శనివారం అన్నాను. ఆయన కళ్లు మూసుకుని తలూపాడు.

ఇంటికి పంపేటప్పుడు భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పాను. పెట్టినవి వేరొకరి ఊపిరితిత్తులు. ఒళ్లు వాటిని పరాయివని గుర్తుపట్టి వాటి మీద పడుతుంది. దాన్నే రిజెక్షన్ అంటారు. ఒళ్లు అలా చెయ్యకుండా టాక్రోలిమస్ అనే మందు వేసుకోవాలి, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, బతికినన్నాళ్లూ. నర్సిములు బడిపిల్లాడిలా అంతా అప్పజెప్పాడు. నాకు తృప్తిగా అనిపించింది.

మొదట్లో అన్నీ బాగున్నాయి. మా ఓపీ మంగళవారం. బస్సు దిగి ఎవరి సాయమూ లేకుండా నడిచొచ్చేవాడు. గొట్టంలోకి గట్టిగా ఊదించి ఊపిరి బలం కొలిచే పరీక్షను స్పైరోమెట్రీ అంటారు. ఆయన ఊదుతుంటే అంజమ్మ పక్కన నిలబడి తనూ బుగ్గలు పూరించేది. చూసి మేమందరం నవ్వేవాళ్లం. ఒకసారి చేనులో పండిన కందులు మూట కట్టి తెచ్చింది. వద్దంటే కోపగించుకుంది.

మరుసటి ఏడు ఊదుడు తగ్గింది. ఊపిరితిత్తి నుంచి చిన్న ముక్క తీసి చూస్తే రిజెక్షన్ అని తేలింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"గోలీలు ఎగ్గొడుతున్నవా?"

"అంజమ్మ మీద ఒట్టు సిస్టరమ్మా. ఒక్కటి గుడ పారెయ్యలె."

అబద్ధమాడే మొహం కాదు. రక్తంలో మందు ఎంతుందో చూస్తే, అదీ సరిగ్గానే ఉంది. డాక్టర్లకూ అంతు చిక్కలేదు. వార్డులో చేర్చుకుని స్టెరాయిడ్ సెలైన్ మొదలుపెట్టారు.

చేరాక వచ్చిన శనివారం పొద్దున నేను రౌండ్‌కి వెళ్లాను. మంచం పక్కన గ్లాసులో నీళ్లు నిండుగా ఉన్నాయి. నర్సిములు కుడి పిడికిలి బిగించి ఉంది. తెరువమన్నాను. అరచేతిలో గోలీలు చెమటకు తడిసి ఉన్నాయి.

"ఏందన్నా ఇది? నీకు పానం మీద తీపి లేదా?" నా గొంతు వార్డంతా వినబడింది.

"పొద్దుగూకినంక ఏసుకుంట సిస్టరమ్మా. ఒక్కపొద్దున్న."

ఒక్కపొద్దంటే మా వైపు, సాయంత్రం దీపం పెట్టేదాకా ఏమీ ముట్టకుండా ఉండి, ఒక్కపూటే తినడం. కొందరు మంచినీళ్లు కూడా తాగరు. నర్సిములు ఆ కొందరిలో ఒకడు. ఇంటికి పోయినప్పటి నుంచీ ప్రతి శనివారం అంతేనట. పొద్దుటి గోలీలూ రాత్రి గోలీలూ కలిపి దీపం పెట్టాక ఒక్కసారే మింగేవాడు. పారెయ్యలేదన్న మాట నిజమే. శనివారం పగలంతా మందు పలచబడి, రాత్రికి ఒక్కసారిగా ఎక్కి, మంగళవారం మేం రక్తం తీసేసరికి మామూలైపోయేది.

అంజమ్మ నోరు తెరిచి చూస్తోంది. "పొద్దుగాల్ల నేను కూలికి వోతుంటి, గోలీల సంగతి నాకెర్కలేదు. ఎంకన్నకు ఒక్కపొద్దుంటుండనుకున్న," అంది.

"ఎంకన్నకు గాదు," అన్నాడు నర్సిములు మెల్లగా. "ఊపిరిచ్చినాయనకు. ఆయన పోయింది శనివారం. ఆయన సచ్చిన దినం నేను కడుపునిండ ఎట్ల తింట? పేరు తెల్వది, ఊరు తెల్వది. ఇంకేం జేస్త నేను?"

తిట్టడానికి నోటిదాకా వచ్చినవన్నీ ఎటు పోయాయో తెలియదు. నాకు ఏడుపొచ్చింది. కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.

అంజమ్మ మాత్రం లేచి నిలబడింది. "ఏం తెలివయ్యా నీది! సచ్చినోళ్లకు పెట్టుకుంటరా, పస్తులుంటరా? పెత్రమాసకు మీ బాపుకు ఏం జేస్తవ్? బియ్యమిస్తవ్, గారెలు జేపిచ్చి పెడ్తవ్. గాయన యాడికో పోలే, నీ లోపట్నే ఉన్నడు. వారం వారం గాయనకు పస్తులు వెడ్తున్నవ్ నువ్వు!"

పెత్రమాస అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్య. ఆ రోజు ఇంట్లో పోయినవాళ్ల పేరు చెప్పి పంతులుకు బియ్యం ఇస్తారు.

నర్సిములు గోలీలు నోట్లో వేసుకుని గ్లాసెడు నీళ్లూ తాగాడు. అంజమ్మ కొంగుతో ఆయన మూతి తుడిచింది.

రిజెక్షన్ ఆగింది. కానీ పోయిన ఊపిరి మొత్తం తిరిగి రాలేదు, కొంత భాగం మచ్చగట్టి అలాగే ఉండిపోయింది. చేను గట్టుదాకా నడవగలడు, పని చెయ్యలేడు. అప్పటి నుంచి ప్రతి శనివారం పొద్దున నాకు ఫోన్ వచ్చేది. "ఇద్దరం ఏసుకున్నం సిస్టరమ్మా," అని చెప్పి పెట్టేసేవాడు.

ఇప్పుడు నేను మా ఊరి దగ్గర నర్సింగ్ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. మందులు వేసుకుంటున్నావా అని అడగొద్దంటాను. ఆ ప్రశ్నకు అందరూ అవుననే అంటారు. ఏ వారం ఒక్కపొద్దు, ఎవరికోసం, నీళ్లు తాగుతావా తాగవా అని అడగాలి. జవాబు చెప్పేదాకా పక్కన కూర్చోవాలి. వినే ఓపిక లేకపోతే నా కోపం ఎందుకూ కొరగాదని నేర్పింది నర్సిములే.

ఊపిరితిత్తుల మార్పిడి అయినవాళ్లు ఎన్నేళ్లుంటారని పిల్లలు అడుగుతారు. లోపల ఉండే మిగతా అవయవాల్లా కాదు, ఊపిరితిత్తికి పీల్చిన ప్రతిసారీ బయటి గాలి తగులుతుంది. ఎంత జాగ్రత్తగా ఉన్నా కొందరికి మెల్లమెల్లగా మచ్చగడుతూనే ఉంటుంది. నర్సిములుకూ అంతే అయింది. కొన్నేళ్లు ఉన్నాడు. ఆ కొన్నేళ్లూ తన చేత్తో తను అన్నం తిన్నాడు.

ఆయన పోయిన ఏడు, పెత్రమాస ముందురోజు అంజమ్మ ఫోన్ చేసింది.

"రేపు మా ఆయన పేరు మీద బియ్యమిస్తున్న సిస్టరమ్మా. గా ఊపిరిచ్చినాయనకు గుడ ఇయ్యాలె. గిప్పుడన్న పేరు చెప్పరాదూ?"

ఆ పేరు నాకు తెలుసు. గొంతుదాకా వచ్చింది.

"చెప్పలేనక్కా," అన్నాను.



"సరె తియ్. రెండు చాటలల్ల బియ్యం వోస్త. పంతులు పేర్లు చెప్పమంటే, రెండుసార్లు నర్సిములనే చెప్త."