చెయిను రంపానికి మండె కట్టిన వైనం

అది గురువారం, ఉదయం తొమ్మిదిన్నర. ఆకివీడులో మా పిన్ని కూతురి పెళ్ళికి పది గంటల బస్సు పట్టుకోవాలి కనుక, గోడ గడియారం చూసుకునే ఆ మాట అన్నాను. ఏమన్నానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. అందులో తప్పులేదని అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను.

ఆ రోజుల్లో మా తాడేపల్లిగూడెంలో మాను కొయ్యాలంటే ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి పొద్దుటినుంచి సాయంత్రం దాకా పెద్ద రంపం లాగాల్సిందే. అలాంటి చోట నేను స్టోరు చూసే కలప అడితికి మద్రాసునుంచి చెయిను రంపం వచ్చింది. పెట్రోలు పోసి తాడు లాగితే చాలు, గూడెం సగానికి వినబడేది. దాన్ని చూపించడానికి వచ్చిన కంపెనీ మనిషి ఒక పూటంతా పాఠం చెప్పాడు. గుండ్రటి ఆకురాయి పట్టుకుని ఒక్కొక్క పంటినీ ఒకే వాలులో, ఒకే లెక్కన, ముందుకు తోస్తూ మాత్రమే రాయాలి, వెనక్కి లాగకూడదు. చెయిను పదునుగా ఉంటే చెక్క పేళ్ళుగా రాలుతుంది, మొద్దుబారితే పిండిలా రాలుతుంది. మిగతావాళ్ళు పాఠం మధ్యలో టీకి వెళ్ళారు. నేను వెళ్ళలేదు. (నాకు టీ అలవాటు లేదు. అదే నా కొంప ముంచింది.)

అలా రంపం నా స్టోరుకి వచ్చింది. "మీకే అప్పగిస్తున్నానమ్మా," అన్నారు ప్రొప్రయిటరుగారు. "దీనికేమన్నా అయిందా, అదీ మీరూ ఒకే రోజు బయటికి." నాకప్పుడు ఇరవై ఒకటో ఏడు, తొలి ఉద్యోగం. "కలప అడితిలో ఆడపిల్లకేం పని?" అని మా ఇంట్లో, మా చర్చిలో, మా వీధిలో అనని వాళ్ళు లేరు. బడిపంతులైన మా నాన్నగారు ఒక్కరే నా పక్షం. ఇది పోతే ఇంకో ఉద్యోగానికి గడప దాటనివ్వరని నాకు తెలుసు. అందుకే ఆ చెయిన్ని చంటిపిల్లలా చూసుకున్నాను. దించి, తుడిచి, పళ్ళు రాసి, ఆయిల్ పట్టించి, గుడ్డలో చుట్టి అలమరలో పెట్టేదాన్ని.

పెళ్ళికి వెళుతూ ఆ అలమర తాళం ప్రొప్రయిటరుగారి బావమరిది చేతికి ఇచ్చాను. ఆయన్ని అందరం ఇంజనీరుగారు అనేవాళ్ళం. ఎప్పుడో ఒక రేడియో విప్పారు. (మళ్ళీ బిగించినట్టు ఎవరూ చెప్పలేదు.) భీమడోలు దగ్గర వరిపొలాలున్న మనిషి, మంచివాడు, మాట మెత్తన. "ఎవరు అడిగినా చెయిను ఇవ్వకండి. నేనొచ్చేదాకా దాని పదును పోకుండా చూడండి," అన్నాను.

"అయ్యో, పదును సంగతి మీరు నాకు చెప్పాలా అండీ? పుట్టి బుద్ధెరిగిన కాణ్ణుంచీ అదే పని కదండీ మాకు. నిశ్చింతగా వెళ్ళి రండి."

నిశ్చింతగానే వెళ్ళాను. పెళ్ళిలో రెండుసార్లు అప్పడాలు కూడా వేయించుకున్నాను.

సోమవారం వచ్చి చూద్దును కదా, స్టోరు మూల నీడలో తడి గోనెసంచుల మూట. దానిమీద ఒక బరువు రాయి, పక్కన చెంబు. విత్తనాల వడ్లు మొలకెత్తడానికి మా వైపు మండె కడతారే, అచ్చం అలాగే. వడ్లు ఇక్కడ ఎవరు కట్టారా అని విప్పాను. లోపల నా చెయిను! ఎర్రగా, తుప్పుతో, ఏ లంకెకి ఆ లంకె బిగుసుకుపోయి, వంచితే వంగని వడియాల దండలా ఉంది.

"ఏవండీ, ఇదేం పనండీ!" అని అరిచాను.

"రోజుకి మూడుసార్లు తడిపానండీ," అన్నారు ఇంజనీరుగారు వెలిగిపోతూ. "ఆదివారం కూడా మానలేదు. పదును ఇంత కూడా ఆరలేదు, మీరే పట్టుకు చూడండి."

"మొలకలొస్తాయనుకున్నారా?"

"యంత్రం కదండీ, మనకేం తెలుసు? మీరు చెప్పింది చేశాను."

ఆ పూటే ఆకివీడునుంచి చేపల చెరువుల ఆసామి ఒకాయన వచ్చి కూర్చుని ఉన్నారు. గాలివానకి పెద్ద నిద్రగన్నేరు గట్టుమీద అడ్డంగా పడిందట. లారీలు కదలాలంటే వెంటనే రంపం కావాలి. చెయిన్ని కిరసనాయిలులో నానబెట్టాను, బ్రష్షుతో రుద్దాను, ఆకురాయి అరిగేదాకా రాశాను. అడితిలోనే ఒక దుంగమీద పెట్టి చూశారు. పేళ్ళు లేవు. ముందు పిండి, ఆ తరవాత పొగ, ఆపైన టప్పున ఒక చప్పుడు. చెయిను తెగి కింద పడింది.

ప్రొప్రయిటరుగారు నన్ను చూశారు. ఆయన నోరు తెరవకముందే జరిగింది చెప్పాను. పదును అంటే వాడి అన్నాను. పదును అంటే తేమ అన్నారు ఇంజనీరుగారు. "సరే, నలుగుర్నీ అడుగుదాం," అన్నారు ప్రొప్రయిటరుగారు. ఆ నలుగురూ ఎవరు? దూలాలు కొనడానికొచ్చిన రైతులు!

"పదునంటే ఏముందండీ, మన్ను పిడికిట్లో పడితే ముద్ద కట్టాలి," అన్నాడొకాయన.

"విత్తాక ఆరనివ్వకూడదండీ, ఆరితే పైరు పోయినట్టే," అన్నాడు ఇంకొకాయన.

ఇక నాకు మిగిలిన ఆశ మా రంపం కోతగాళ్ళిద్దరే. ఇరవయ్యేళ్ళుగా పళ్ళకి పదును పెట్టుకుంటున్నవాళ్ళు. వాళ్ళవైపు తిరిగాను. ఒకాయన ఆకాశం చూశాడు, రెండో ఆయన తన కాళ్ళు చూసుకున్నాడు.

"మా రంపానికైతే తెలుసండి," అన్నాడు మొదటాయన మహా వినయంగా. "ఇది ఫారిన్ మిషను. దీనికి పదును ఎక్కడుంటుందో మాకేం తెలుస్తుందండీ?"

అని ఇద్దరూ భుజాన రంపం వేసుకుని ఆకివీడు ఆసామి వెనకే బయల్దేరారు. నవ్వు బయటపడకుండా వాళ్ళు నడిచిన నడక ఇప్పటికీ నా కళ్ళముందుంది.

ఇంటికెళ్ళి నాన్నగారికి చెప్పాను. ఆయన నిఘంటువు దించి, కళ్ళజోడు తుడుచుకుని చదివి, "రెండర్థాలూ ఉన్నాయమ్మా. ఇద్దరూ ఒప్పే," అన్నారు. ఆయన మీద నాకు కోపం వచ్చింది ఆ ఒక్కసారే. చెయిన్ని తడిపినవాడు ఒప్పెలా అవుతాడు? ఇనుము నీళ్ళు తాగుతుందా? నిఘంటువుకి లేకపోతే పోనీ, మనిషికైనా బుద్ధి ఉండక్కర్లేదా?

మొన్న వానల్లో ఏలూరులో మా ఇంటి ముందు కరెంటు తీగలకి తగులుతున్న కొమ్మలు కొట్టడానికి చెయిను రంపంతో మనుషులు వచ్చారు. వరండాలో కూర్చున్న నాకు చప్పుడు తేడాగా వినిపించింది. రాలేది చూస్తే పిండి. కర్ర పట్టుకుని గేటు దాకా వెళ్ళి, "ఏమయ్యా, పదును లేదు, ఆపండి!" అన్నాను.

రంపం పట్టుకున్న నెరిసిన మీసాలాయన మిషను ఆపి, వంగి నా పూలమొక్కల పాదులో వేలు గుచ్చి చూశాడు.

"ఉందండి మామ్మగారూ," అన్నాడు ఎంతో మర్యాదగా. "నిన్నే కదండీ వాన పడింది. ఇయ్యాళ నీళ్ళు పొయ్యక్కర్లేదు."

గేటు పట్టుకుని నవ్వాను. కోపం మాత్రం పోలేదు, అది ఉన్నచోటే ఉంది. పోయినవి ఇవి: మద్రాసు చెయిను ఒకటి, గుండ్రటి ఆకురాయి ఒకటి, గోనెసంచులు రెండు, నా తొలి ఉద్యోగం, నిక్షేపంలాంటి ఒక తెలుగు మాట.