మామ్మ విన్న గంట

యాంగోన్‌లో, ఇన్సేన్ రైలు వర్క్‌షాపుల దగ్గర ఒక తెలుగువారింట్లో టీ తాగుతున్నాను. టీవీలో పాత నవల ఆధారంగా తీసిన స్పానిష్ సీరియల్ వస్తోంది. మాటలు స్పానిష్, కింద అక్షరాలు బర్మీస్. చూపులేని మామ్మకు మనవరాలు మేరీ తడబడుతూ తెలుగులో కథ చెబుతోంది.

"పెల్లికూతురు పడవెక్కి ఎల్లిపోనాది మామ్మా."

తెర మీద ఆ పెళ్లికూతురి శవపేటికను చర్చిలోకి మోస్తున్నారు. నిజం చెబితే మామ్మ ఏడుస్తుందని మేరీ నాకు సైగ చేసి, ఇంకో టీ తేవడానికి లోపలికి వెళ్లింది.

మామ్మ నా చెయ్యి తడిమి పట్టుకుంది. "ఆ పిల్ల సచ్చిపోనాది కదా? సావుగంట ఇన్నాను."

అవునన్నాను.

"నాకు తెలుసని దానికి సెప్పకు బాబూ. ఈ కద సెప్పినపుడే అది తెలుగు మాటాడతాది."

మేరీ టీతో వచ్చింది.

"ఆ పడవ ఏ ఊరెల్లినాదే?" అని అడిగింది మామ్మ.